విత్తుల తాత చెయ్యి

మబ్బు కదలదు. మినో కొండ భుజాల మీదికి ఎక్కి కూర్చుంది, కదలదు, ఎందుకు కదులుతుంది, దానికేమన్నా బఠానీలు నానుతున్నాయా, ఒళ్ళో గిన్నె పెట్టుకుని పొలం గట్టున చిన్న ట్రక్కులో పడిగాపులు పడాల్సిన ఖర్మ దానికేం పట్టింది, నాకు పట్టింది. గిన్నె కూడా నాదే. రోజూ పొద్దున నేను మిసో చారు తాగే నల్ల గిన్నె. అల్మారా నిండా గిన్నెలుంటే ఈ మనిషికి అదే దొరికింది, చేత్తో తడిమి చూసుకుని తీసి ఉంటాడు, తీసి, రేకు డబ్బా మూత ఊడబీకి, ఉన్న గింజలన్నీ, ఒక్కటంటే ఒక్కటి మిగల్చకుండా అందులో పోసి నీళ్ళు కొట్టాడు. నేను చక్కెర కోసం కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి అవి పొట్టలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. ఎండుగింజ డబ్బాలో ఇంకో ఏడాది ఆగుతుంది. నీళ్ళు తాగిన గింజ ఆగదు, ఇవాళో రేపో మట్టిలో పడాలి, లేకపోతే పులిసిపోతుంది. మా అత్తగారు ఎక్కడో కనుమ అవతలి ఊళ్ళో గుడ్లు పెట్టే కోడినిచ్చి మరీ తెచ్చుకున్న బఠానీ, ఊదాపూల బఠానీ, ఇప్పుడు ఈ అరగిన్నె తప్ప ఇంకెవరింట్లోనూ లేదు. ఇవి పోతే పోయినట్టే.

పక్క సీట్లో తొకుజి. నా మొగుడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫోటో తీయించుకునేవాడిలా నిటారుగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళు స్టీరింగు వెనక కూర్చున్న మనిషి ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని, వచ్చే దారిలో ప్రతి మలుపులోనూ లేని బ్రేకుని తొక్కాడు. గిన్నె చూసి నేను అరిచిన అరుపులకి జవాబు చెప్పకుండా, పొలం దగ్గరికి తీసుకెళ్ళు, కొండ చూసి చెప్తా, అన్నాడు. చూసి చెప్తాట్ట!

"మబ్బు పోయిందా?" అన్నాడు.

"పోతే చెప్పనా?"

"కొంచెం కూడా పోలేదా?"

"నడుం కింద కనపడుతోంది. మీ తాత పైనుంటాడుగా."

"తాత పైనే ఉంటాడు," అన్నాడు, నాకు కొత్తగా నేర్పుతున్నట్టు.

ఈ బఠానీకి రెండు వైపులా శత్రువులే. ముందుగా పెడితే మంచునీళ్ళు దిగని చల్లటి మట్టిలో గింజ మొలవకుండానే కుళ్ళుతుంది. అది దాటి మొలిచినా, నాలుగు రోజులు వెచ్చగా ఉండేసరికి మిడిసిపడి లేతగా లేస్తుంది, అప్పుడొక రాత్రి గట్టిగా నేలమంచు పడిందంటే, ఆకుల మీద ఉప్పు చల్లినట్టు పేరుకుంటుందే ఆ పాడు తెల్లమంచు, తెల్లారి ఎండ తగలగానే మొక్క ఉడికిన ఆకుకూరలా వాలిపోతుంది. పోనీ భయపడి ఆగితే పూత వేళకి ఎండలు ముదిరి పూలు రాలిపోతాయి, కాసిన నాలుగు కాయలూ పీచు పడతాయి. మధ్యలో ఉండేది సన్నటి సందు, అందులోంచి దూరాలి. రేడియోలో చెప్తూనే ఉంటారు, ఈ ఏడు చివరి నేలమంచు ఫలానా తేదీకి అయిపోతుందని, పట్నంలో బడి కప్పు మీద పెట్టిన చలి కొలిచే డబ్బాని చూసి చెప్తారు, నా పొలం పట్నంలో బడి కప్పు మీద లేదే. గుంటలో ఉంది. రాత్రయితే చుట్టూ వాలుల మీది చలి అంతా నీళ్ళలా జారి వచ్చి మా దగ్గర నిలుస్తుంది, పై ఊరు పచ్చగా లేచిన పొద్దున మేము తెల్లగా లేస్తాం. పట్నం తేదీ మాకు పనికిరాదు. అందుకే మాకు కొండ, అందుకే తాత, అందుకే ఈ మబ్బుకేసి చూస్తూ నా నడుం పట్టేసింది.

తాత అంటే ఏం లేదు, రాయి. వసంతంలో మంచు కరుగుతుంటే కొండ నడుం పైన నల్లరాయి బయటపడుతుంది, ఈ ఊరివాళ్ళకి ఆ నలుపులో ఒక ముసలాయన కనపడతాడు, నెత్తిన గడ్డి టోపీ, వీపున గంప, వంగి గింజలు చల్లుతూ. విత్తుల తాత. టోపీ ముందొస్తుంది, తర్వాత గంప, తర్వాత ఒళ్ళు. చెయ్యి ఆఖరు. అది కాస్త దూరంగా ఒంటరి మచ్చలా ఉంటుంది, మధ్యలో ఉన్న మంచుపట్టీ కరిగాక ఒంటికి కలుస్తుంది. చెయ్యి కలిస్తే ఇక ఈ గుంటలో గట్టి నేలమంచు పడదు, బఠానీ పెట్టొచ్చు. చూసి ఊరికి చెప్పేది మా ఇల్లు. మా అత్తగారు చెప్పేది, ఆవిడ తర్వాత ఈయన. వసారాలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "కలిసింది" అంటే చాలు, మధ్యాహ్నానికల్లా గుంటలో ప్రతి పొలంలోనూ నడుములు వంగి ఉండేవి.

నాకు తాత కనపడడు. ఎప్పుడూ కనపడలేదు. పెళ్ళయిన మొదటి వసంతం, అత్తగారు నా గడ్డం పట్టుకుని కొండవైపు తిప్పి, అదిగో టోపీ, అదిగో గంప, అదిగో ముక్కు, ముక్కు కూడా కనపడలేదా, అంది. నేను కళ్ళు చికిలించి, తల వంచి, చివరికి మెట్ల మీద కూర్చుని కూడా చూశాను. చేప కనపడింది. బల్లపరుపు చేప, రెండు కళ్ళూ ఒకే పక్కనుంటాయే, మా నాన్న వలలో రోజూ పడేది, అచ్చం అదే. నోరు మూసుకుని ఉండొచ్చుగా, "చేపలా ఉంది అత్తయ్యా" అన్నాను. "కొండమీదికి చేపేంటే పిల్లా, ఎగిరొచ్చిందా!" అని ఆవిడ నవ్వింది, వసారా అంతా నవ్వింది, అందరికంటే గట్టిగా ఈయన నవ్వాడు. ఆ రోజునుంచీ నేను చేప కోడలిని. పిల్లలకి కూడా చెప్పుకుని నవ్వారు, మీ అమ్మకి కొండమీద చేపలు కనపడతాయర్రా అని. మా పుట్టింటి ఊళ్ళో, సముద్రం ఒడ్డున, ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. మా నాన్న పడవలోంచి ఒడ్డు కొండల్ని చూసే వల దించేవాడు, ఈ కొండ కొన దీపస్తంభం వెనక్కి వస్తే కింద చేప ఉందని, పక్క పడవవాడికి అదే కొండ ఎద్దు మూపురం, ఇంకొకడికి దొర్లిన కుండ. ఎవడి కొండ వాడిది, సాయంత్రానికి చేప పడిందా లేదా అన్నదే మాట. ఇక్కడ మాత్రం అందరికీ ఒకటే తాత, కనపడకపోతే తప్పు నా కళ్ళది.

మట్టి దారిమీద చప్పుడు. కిహాచి ట్రాక్టరు. పై మలుపులో పొలం వాడిది, మాకంటే చిన్నవాడు, ప్రతి ఏడూ మా ఇంట్లో మొదటి బఠానీల అన్నం మూడు గిన్నెలు తిని, ఉప్పు తగ్గింది వదినా, అనే రకం. ట్రాక్టరు ఆపకుండానే మెడ సాచాడు.

"ఏం అన్నా, తాతకి కాపలా కాస్తున్నారా ఇద్దరూ?"

"నీకేం పని లేదా?" అన్నాడు తొకుజి, గొంతు వచ్చిన వైపుకి కాకుండా కాస్త పక్కకి చూస్తూ.

"పనిమీదే పోతున్నా. నా తాత ఇందులో ఉన్నాడు," అని జేబులోంచి ఫోన్ తీసి ఊపాడు. "మబ్బూ గిబ్బూ ఏం అడ్డం రాదు. ఇవాళ పెట్టెయ్యరా బాబూ, ఇక నేలమంచు లేదు అంటున్నాడు. నీ తాతని నమ్ముకుంటే ఏమైంది, నిరుడు అందరికీ చెయ్యిచ్చాడు!"

తన జోకుకి తనే నవ్వుకుంటూ పోయాడు, వెనక తొట్టిలో కొట్లో కొన్న గింజల పొట్లాలు ఎగురుతున్నాయి. తొకుజి మోకాలి మీద వేళ్ళు ముడుచుకున్నాయి. నాకు కిహాచి మీద మండింది, తర్వాత ఈయన మీద ఇంకా మండింది, ఎందుకంటే వాడన్నది నిజం.

నిరుడు వసారాలో నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు, చాలాసేపు చూశాడు, నేను వెనక బియ్యం కడుగుతున్నాను, "కలిసింది" అన్నాడు. అంతే, ఎప్పటిలాగే, అదే గొంతు. ఊరంతా దిగింది, మేమూ దిగాం, డబ్బా దాదాపు ఖాళీ చేశాం. సగం గింజ మట్టిలోనే కుళ్ళింది. మొలిచిన సగం ఆ వెచ్చటి వారంలో ముచ్చటగా లేచింది, ఈయన గట్టున కూర్చుని చేత్తో నిమిరాడు కూడా, అమ్మ ఉంటే సంతోషించేది అన్నాడు, ఆ తర్వాత ఒక తెల్లవారుజామున కిటికీ తీస్తే గుంటంతా తెల్లగా ఉంది. ఎవరి గట్టు మీద వాళ్ళు నిలబడ్డారు ఆ రోజు. ఎవరూ మా వైపు రాలేదు, ఎవరూ ఒక మాట అనలేదు, అంటే బాగుండేది. డబ్బా అడుగున అలవాటుగా మిగిల్చిన గింజలే ఇవి, ఈ గిన్నెలోవి.

ఈయన కళ్ళ సంగతి ఆ ఎండాకాలంలో బయటపడింది. మా పొలంలో కిహాచి వాళ్ళ దిష్టిబొమ్మ గాలికి కొట్టుకొచ్చి గట్టున చేరగిలబడి ఉంటే, ఈయన దానిమీద విరుచుకుపడ్డాడు, ఏరా కిహాచీ, ఎంతసేపట్నుంచి చూస్తున్నా, అలా నిలబడకపోతే వచ్చి ఒక చెయ్యి వెయ్యచ్చుగా అని. నాకు నవ్వాగలేదు, కడుపు పట్టుకుని నవ్వాను, చీడపురుగులు ఏరుతున్నదాన్ని గట్టు మీద కూలబడి నవ్వాను, ఆయన నవ్వలేదు, ఇంకా దానికేసే చూస్తున్నాడు, అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. పట్నంలో డాక్టరు కాగితం మీద గుండ్రం గీసి మధ్యలో నలుపు నింపాడు. చుట్టూ మిగులుతుంది, నడిమి భాగం పోతుంది. దేన్ని చూడాలని చూస్తే అదే మాయమవుతుంది, చూడనిదేమో పక్కన కనపడుతూ ఉంటుంది. తిరిగి రాదన్నాడు. అందుకే ఇప్పుడు నన్ను చూడాలంటే కోడిలా మెడ తిప్పి చూస్తాడు. ఎప్పటినుంచి ఇలా ఉంది అని డాక్టరు అడిగితే ఈయన తల వంచుకుని, పోయిన చలికాలం నుంచి, అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చలికాలం అంటే వసంతానికి ముందు. అంటే వసారాలో నిలబడి చూసిందేమిటి? ఏమీ చూడలేదు. గాలి వాసన, పిట్టల అరుపు, పోయిన ఏళ్ళ గుర్తు, అన్నీ కలిపి ఊహించి, కలిసింది అన్నాడు.

బఠానీలు పోతే ఏడ్చి ఊరుకుందును. కళ్ళు పోయినందుకు కోప్పడేంత రాక్షసిని కాను. నా కడుపు మంట ఏమిటంటే, ఒకే గదిలో పడుకునేదాన్ని, ఒకే కుండలో అన్నం తినేదాన్ని, నాతో అనొచ్చుగా, ఇసోయె, నాకు కొండ సరిగ్గా కనపడటం లేదే అని ఒక్క మాట. అనలేదు. ఊరి ముందు ఎలా నిలబడ్డాడో నా ముందూ అలాగే నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. పైగా డాక్టరు దగ్గర్నుంచి వచ్చే బస్సులో నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని. చెప్పలేదు. ఎదురింటావిడ దండం పెడితే ఈయన చూసుకోకుండా పోతే, ఏదో పరధ్యానంలో ఉన్నాడమ్మా అని నేను వంగి వంగి దండాలు పెడుతున్నాను చలికాలమంతా. ఇవాళ మళ్ళీ నాతో చెప్పకుండా గింజలు నానబోశాడు. చేతికి మట్టి వెచ్చగా తగిలిందట, వాసన వచ్చిందట, దారిలో అన్నాడు.

"వాసన చూడు," అన్నాడు ఇప్పుడు, అద్దం దించి. "మట్టి తయారైంది."

"మట్టి తయారైంది. రాత్రులు తయారవ్వలేదు."

"మబ్బు పోనీ."

పోదు. అవతల పడమటి ఆకాశం అప్పుడే పచ్చబడుతోంది, కాసేపట్లో పొద్దుగూకుతుంది. గిన్నెలో ఒక గింజ తోలు పగిలి చిన్న ముక్కులాంటిది బయటపెట్టింది, దానికీ తొందరే, అందరికీ తొందరే, తుండుగుడ్డ ఒక కొస దానిమీద కప్పాను. ఇప్పుడు మబ్బు తీస్తే మాత్రం ఏం ఒరుగుతుంది? తాతని చూడగలిగిన మనిషికి కళ్ళు లేవు, కళ్ళున్న మనిషికి తాత లేడు. ఇద్దరినీ కలిపితే ఒక మనిషి కూడా తయారవ్వడం లేదు. పక్క పొలంలో కాకి ఒకటి నడిరోడ్డు మీద నడుస్తున్న పెద్దమనిషిలా తిరుగుతోంది, దాన్ని చూస్తే కూడా ఒళ్ళు మండుతోంది. పెట్టేద్దామా, పెట్టేసి ఇంటికి పోయి స్నానం చేసి పడుకుందామా, పోతే పోతాయి, ప్రతి ఏడూ ఈ గోల ఉండదు. ఈ మాట అనుకోగానే బఠానీల అన్నం వాసన వచ్చింది ముక్కుకి, మూత తీయగానే వచ్చే పచ్చి తీపి వాసన, మొదటి గిన్నె అత్తగారి పటం ముందు పెట్టి ఈయన చేతులు జోడించి ఆవిడతో ఏదో గొణగడం, ఏం గొణుగుతాడో ఒక్కసారీ చెప్పలేదు. గిన్నె గట్టిగా పట్టుకున్నాను.

"వెలుగు మారింది," అన్నాడు తొకుజి. మెడ పక్కకి తిప్పి ఉన్నాడు. "తీసిందా?"

తీసింది. గాలి ఎక్కడ్నుంచి వచ్చిందో, మబ్బు దుప్పటి లాగేసినట్టు ఒక పక్కకి జారింది, కొండ బయటికొచ్చింది, తెలుపూ నలుపూ, పక్కనుంచి ఎండ.

"తీసింది."

"చెప్పు. చెయ్యి ఎలా ఉంది?"

"నాకు చెయ్యి కనపడదని నీకు తెలీదా?"

"ముందు టోపీ పట్టుకో. టోపీ నుంచి కిందికి రా."

"టోపీ లేదు. గంప లేదు. ఇన్నేళ్ళూ లేని టోపీ ఇప్పుడు ఎక్కడ్నుంచి తెమ్మంటావయ్యా?" నా గొంతు లేచింది, కాకి కూడా ఎగిరిపోయింది.

ఆయన పాదం అక్కడ లేని బ్రేకు మీద ఒకసారి నొక్కుకుంది. "మరి ఏముంది?" అన్నాడు.

"ఏముంటుంది. చేప."

నవ్వుతాడని చూశాను. నవ్వితే గిన్నె నెత్తిమీద బోర్లించేదాన్నే.

"ఎటు చూస్తోంది?" అన్నాడు.

ఎవరూ అడగలేదు నన్ను. ఇన్ని వసంతాల్లో ఎవరూ, ఎటు చూస్తోంది అని. "పడమటికి," అన్నాను. "సముద్రం వైపు."

"తల కిందికుందా, పైకా?"

"కొంచెం పైకి. మొద్దు తల."

"అది టోపీ," అన్నాడు తనలో తను. కుడిచేతి వేలు గాలిలో గీస్తోంది. "వీపు మీద ఏమన్నా ఉందా?"

"రెక్క ఉంది. ఉబ్బుగా."

"గంప. ఊఁ. తోకో?"

తోక చూశాను. "విడిగా ఉంది. తెగిపడ్డట్టు. మధ్యలో తెల్లగా."

"సన్నంగానా?"

"సన్నంగా కాదు. ఇక్కడికి కనపడేంత వెడల్పు."

గాలిలో వేలు ఆగింది. "అయితే కలవలేదు," అన్నాడు.

తోక. ప్రతి ఏడూ ఈయన కలిసింది అన్న పొద్దున నేనూ చూసేదాన్ని, తడిచేతులు తుడుచుకుంటూ, హమ్మయ్య తోక అతికింది, ఇక ఈదుకుంటూ పోతుంది అనుకుని లోపలికెళ్ళి గింజల డబ్బా తెచ్చేదాన్ని. అదొక ఆట నాకు, నాలోపలి ఆట, ఎవరికీ చెప్పని ఆట. నిరుడు కూడా చూశాను.

"నిరుడు కూడా అతకలేదు," అన్నాను.

"ఏంటి?"

"నువ్వు వసారాలో కలిసింది అన్న రోజు. తోక విడిగానే ఉంది."

మెడ నావైపు తిరిగింది, కోడి చూపు, చెంప పక్కనుంచి. "చూసి ఊరుకున్నావా? చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరం ముందుకి తిరిగి కూర్చున్నాం. గాజు మీద మా ఊపిరి పొగ పట్టింది. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి గిన్నె అంచు పట్టుకుంది.

"మరి వీటినేం చేస్తాం?"

"పాత పేపర్లు గొట్టాలు చుట్టి మట్టి నింపి వంటింటి కిటికీలో పెడతా. తోక అతికాక గొట్టాలతో సహా పొలంలో దించుదాం. కాగితం మట్టిలో అదే కుళ్ళిపోతుంది, వేరు కదలదు."

"ఇంట్లో పెరిగిన బఠానీ బఠానీయేనా? అమ్మ వింటే—"

"నానబోసిందెవరు?"

బతుకుతాయో లేదో నాకూ తెలియదు, ఎప్పుడూ చేసింది కాదు, కానీ డబ్బాలోకి తిరిగి పోవు, ఇవాళ నేలలోకీ పోవు, ఇదొక్కటే దారి. తాళం తిప్పబోతుంటే పైనుంచి మళ్ళీ ట్రాక్టరు చప్పుడు. కిహాచి. తొట్టిలో పొట్లాలు ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చాయి, ఒక్కటీ విప్పలేదు. ఈసారి ఇంజను ఆపాడు.

"అన్నా. ఊరికే అడుగుతున్నాననుకో. చెయ్యి కలిసిందా?"

తొకుజి చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"తోక ఇంకా అతకలేదు," అన్నాడు.

"తోకా?"

"తోకే."

"తాతకి తోకేంటన్నా?"

"నాకేం తెలుసురా. నాకు కొండ కనపడటం లేదు. నిరుడూ కనపడలేదు. ఇప్పుడు చూసేది మీ వదిన, ఆవిడనడుగు."

బస్సులో నా చేత ఒట్టు వేయించుకున్న మనిషి ఇలా, రోడ్డు మీద, కిహాచితో. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరిగినందుకు మళ్ళీ కోపం వచ్చింది. కిహాచి చాలాసేపు ఈయన మొహంలోకి చూశాడు, ఈయన పక్కకి చూస్తున్నాడు. తర్వాత వాడు ట్రాక్టరు దిగి, ముందునుంచి చుట్టు తిరిగి నా వైపు అద్దం దగ్గరికి వచ్చాడు, టోపీ తీశాడు, వంగాడు.

"వదినా, గింజ పెట్టమంటావా?"

కొండకేసి చూశాను. మబ్బు మళ్ళీ ఎక్కి కూర్చుంది, ఎక్కితే ఎక్కనీ, నేను చూడాల్సింది చూశాను.

"ఇంకా వద్దు," అన్నాను.